మెతుకు పట్టి చూస్తే సరిపోదు

ఇంట్లో కొవ్వొత్తులు చేసి అమ్ముతున్న ఆడవాళ్ళతో నాకొక తగువుంది. నేనూ ఆ పనే చేస్తాను కాబట్టి ఇది ఇంటి తగువే అనుకోండి. బయటివాళ్ళెవరో వచ్చి మనల్ని అనేకంటే మనలో మనం అనుకోవడం నయం కదా అని ఇక్కడ రాస్తున్నాను. కోపం వస్తే రానివ్వండి, కానీ చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

తగువు ఏమిటంటే, అమ్మే ముందు మనం కాల్చి చూడట్లేదు. కొత్తగా ఒక రకం చేస్తే అందులో ఒకటి మనింట్లోనే మొదటి నుంచి చివరి దాకా కాల్చాలి. రోజూ ఏం జరిగిందో రాసుకోవాలి. ఆ తరువాతే ఆ రకం ఇంకొకళ్ళ గుమ్మం దాటాలి. చాలామంది ఇది చెయ్యట్లేదు. చెయ్యాలని వాళ్ళకి నేర్పినవాళ్ళు చెప్పనూ లేదు.

"ఇంట్లో కూర్చునే సంపాదించండి" అనే ఆన్‌లైన్ క్లాసులు మీరూ చూసే ఉంటారు. అలాంటివి నేను మూడు చూశాను. రెండు గంటల క్లాసులో గంటన్నర అచ్చుల గురించే. గులాబీ అచ్చు, లడ్డూ అచ్చు, తామర అచ్చు. తరువాత రంగులు, ఆపైన సెంట్లు, ఆ తరువాత ఫొటో ఎలా తియ్యాలి, రిబ్బను ఎలా కట్టాలి. వత్తి గురించి ఒక్కటంటే ఒక్క వాక్యం: "మధ్యలో వత్తి నిలబెట్టండి." ఏ వత్తి తల్లీ? ఎంత లావుది? ఎంత వెడల్పు గ్లాసుకి? ఒక క్లాసులో ఒకావిడ అడిగింది పాపం. "కిట్‌లో వచ్చిందే వాడండి మేడమ్, అన్నిటికీ అదే" అన్నారు. అన్నిటికీ అదేనట! చిన్న పాపకీ, వాళ్ళ నాన్నకీ ఒకే సైజు చెప్పులు కొన్నట్టు.

అసలు మన మాటలోనే ఉంది విషయమంతా. కొవ్వు, వత్తి. రెండూ కలిస్తే కొవ్వొత్తి. పేరులో సగం వత్తే. పెట్టిన పెద్దలకి తెలుసు. మనమేమో కొవ్వుకి రంగులద్ది ముస్తాబు చేస్తున్నాం, వత్తిని మాత్రం గాలికి వదిలేశాం.

వత్తి చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మంట వేడికి చుట్టూ ఉన్న మైనం కరుగుతుంది. ఆ కరిగినదాన్ని వత్తి పైకి పీల్చుకుంటుంది. పైన అది ఆవిరై, ఆ ఆవిరి మండుతుంది. అంటే మండేది గట్టి మైనం కాదు, వత్తి అందించిన మైనం. స్టవ్వుకి గ్యాసు అందించే నాబ్ లాంటిదన్నమాట, కాకపోతే ఈ నాబ్ తిప్పడం కుదరదు. చేసేటప్పుడు ఎంత పెడితే అంతే. మైకేల్ ఫారడే అంతటి శాస్త్రవేత్త 1860లో క్రిస్మస్ సెలవులకి లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం మొదలుపెట్టి ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆరింటికీ ఒక్క కొవ్వొత్తే ఆధారం. దానికి ఆయనకి ఆరు ఉపన్యాసాలు పట్టాయి. మన మేడమ్‌కి ఒక వాక్యం సరిపోయింది.

వత్తి సన్నమైతే మంట చిన్నది. మధ్యలో మాత్రమే కరిగి బావిలా గుంత పడుతుంది. చుట్టూ మైనం గోడలా మిగిలిపోతుంది. కొన్నాళ్ళకి ఆ బావిలో వత్తి మునిగి ఆరిపోతుంది. కొన్నవాళ్ళ డబ్బు సగం గ్లాసులోనే ఉండిపోతుంది. ఇది నష్టమే గానీ ప్రమాదం కాదు. వత్తి లావైతే అసలు కథ. పీల్చుకునే మైనం ఎక్కువ, దాన్ని శుభ్రంగా మండించడానికి గాలి చాలదు. మంట పొడుగ్గా ఊగుతుంది, నల్లగా పొగ వస్తుంది, వత్తి కొస మీద పుట్టగొడుగులా బొగ్గు ముద్ద పేరుకుంటుంది. గ్లాసు అంచంతా మసి. గ్లాసు చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది.

ఇది మనకి తెలియనిదా? కార్తీక పౌర్ణమికి 365 వత్తులు కట్ట కట్టి నేతిలో తడిపి వెలిగిస్తాం కదా. ఆ మంట ఎంత ఎత్తు లేస్తుందో గుడి ఆవరణలో నిలబడి చూసినవాళ్ళకి ఒకరు చెప్పాలా? చీర కొంగు దగ్గరికి లాక్కుని, పిల్లల్ని వెనక్కి నెట్టి మరీ వెలిగిస్తాం. నిత్యపూజకి మాత్రం పువ్వొత్తి ఒకటి, లేదా రెండు పోగులు కలిపిన అడ్డవత్తి. ఎంత వత్తికి ఎంత మంటో మనకి పుట్టుకతో వచ్చిన లెక్క. గాజు గ్లాసు, విదేశీ సెంటు చేతిలోకి రాగానే ఆ లెక్క ఎక్కడికి పోతోంది?

పూజ వత్తులే తీసి మైనంలో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. "పత్తే కదండీ, మంచిదే కదా" అంటారు. పత్తి మంచిదే. కానీ ప్రమిదలో నూనె ఎప్పుడూ ద్రవమే, అరచేత్తో నలిపిన మెత్తటి వత్తి అందులో పడుకుని హాయిగా తాగుతుంది, కాలిపోతే మనం వేలితో ముందుకి జరుపుతాం. మైనంలో వత్తి తనంతట తాను నిలబడాలి, తన కొస తానే కాల్చుకోవాలి. పూర్వం పాశ్చాత్యుల ఇళ్ళలో మెలి తిప్పిన వత్తుల కొస అస్తమానూ కత్తిరిస్తూ కూర్చునేవారు, దానికి ప్రత్యేకంగా కత్తెరలే ఉండేవి. 1820ల్లో ఫ్రాన్సులో జడలా అల్లిన వత్తి వచ్చాకే ఆ బాధ తగ్గింది. అల్లిక వల్ల కొస మండుతూనే ఒక పక్కకి వంగి, మంట అంచు తగిలి కాలి రాలిపోతుంది. జడ అల్లడం వల్ల వచ్చిన సుఖం అది. జడ సంగతి మనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

సరే, ఇప్పుడు అసలు మాటకి వస్తాను. "మేమూ వెలిగించి చూస్తామండీ" అంటారు అడిగితే. ఎంతసేపు? పది నిమిషాలు. వీడియో తీసేదాకా. "అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదా?" అని నాకే సామెత అప్పజెప్పిందొకావిడ.

చాలదమ్మా. అన్నం కుండలో అన్ని మెతుకులూ ఒకే వేడిలో ఒకేసారి ఉడుకుతాయి, అందుకే ఒకటి చూస్తే చాలు. కొవ్వొత్తి అలా కాదు. మొదటి రోజు కొవ్వొత్తి వేరు, ఆఖరి రోజు కొవ్వొత్తి వేరు. గ్లాసు నిండా ఉన్నప్పుడు మంట పైన ఉంటుంది, వేడి బయటికి పోతుంది, గాలి ధారాళంగా ఆడుతుంది. సగానికి దిగాక మంట బావిలో ఉన్నట్టే. చుట్టూ గాజు గోడ వేడిని పట్టి ఉంచుతుంది. లోపలికి గాలి తిరిగి వచ్చే దారి తగ్గుతుంది. మొదటి రోజు అంచులకి మిగిలిపోయిన మైనం కూడా అప్పుడు కరిగి దిగుతుంది. అందుకని మొదటి రోజు కాస్త నీరసంగా కనిపించిన వత్తి మూడో వంతు దాటాక సరిగ్గా కుదురుకోవచ్చు. మొదటి గంటలోనే అంచు దాకా కరిగించేసి "ఎంత బాగా వెలుగుతోందో" అని మురిపించిన వత్తి అడుగుకి వచ్చేసరికి గ్లాసునే పగలగొట్టవచ్చు. పది నిమిషాల వీడియోలో అందంగా కనిపించేది ఎక్కువగా ఈ రెండో రకమే. అదీ నా గొడవ.

నేను ఎలా చేస్తానో చెబుతాను. ఇది గొప్ప కాదు, పద్ధతి. ఏడు సెంటీమీటర్ల వెడల్పు గ్లాసు, 150 గ్రాముల సోయా మైనం. వరుసగా నాలుగు సైజుల వత్తులు తీసుకుంటాను. ఒక్కో సైజుకి రెండు గ్లాసులు, మొత్తం ఎనిమిది. అంటే కిలో రెండువందల గ్రాముల మైనం పరీక్షకే. మైనం అదే, సెంటు పాళ్ళు అవే, గ్లాసు అదే. మారేది వత్తి ఒక్కటే. ఒకేసారి రెండు మారిస్తే ఏది దేనివల్ల జరిగిందో తేలదు, కూరలో ఉప్పూ చింతపండూ కలిపి సర్దినట్టే. పోశాక రెండు వారాలు కదపను, సోయా మైనం కుదురుకోవడానికి ఆ మాత్రం కావాలి. తరువాత వత్తి ఆరు మిల్లీమీటర్లకి కత్తిరించి, గ్లాసుని వంటింటి కాటా మీద తూచి వెలిగిస్తాను.

గ్లాసు వెడల్పు ఎన్ని అంగుళాలో అన్ని గంటలకి కరిగిన మైనం అంచు దగ్గరికి చేరాలన్నది మోటు లెక్క. నా గ్లాసుకి మూడు గంటలు. నాలుగు గంటలకి ఆర్పేస్తాను. చల్లారాక మళ్ళీ తూకం. గంటకి ఐదు గ్రాములు తగ్గుతుంటే 150 గ్రాములకి ముప్ఫై గంటలు, రోజుకి నాలుగు చొప్పున ఎనిమిది రోజులు. మంట ఎత్తు, మసి, వత్తి కొస, గ్లాసు వేడి అన్నీ మా అమ్మాయి పాత లెక్కల నోట్‌బుక్కులో ఎక్కుతాయి. కొన్నవాళ్ళకి అడుగున అరంగుళం మైనం ఉండగానే ఆపెయ్యమని చెబుతాను. పరీక్షలో మాత్రం దానంతట అదే ఆరేదాకా దగ్గరుండి చూస్తాను, ఎందుకంటే చెప్పిన మాట అందరూ వినరు. వత్తి అడుగున ఉండే రేకు బిళ్ళకి చిన్న మెడ ఉంటుంది చూశారా? మంట గ్లాసు అడుగుని తాకకముందే ఆరిపోవడానికే ఆ మెడ. కొందరు అందంగా లేదని అదే తీసేస్తున్నారు.

సంపెంగ సెంటుకి కుదిరిన వత్తి మల్లె సెంటుకి కుదురుతుందని లేదు. సెంటు నూనె చిక్కదనం మారితే వత్తి పీల్చడం మారుతుంది. పిల్లల క్రేయాన్లు కరిగించి రంగు వేస్తే ఆ రంగు పొడి వత్తి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. కాబట్టి సెంటు మారినప్పుడల్లా మళ్ళీ మొదటికి. ఇరవై నాలుగు సెంట్లు ఉన్నాయని జాబితా పెట్టినవాళ్ళని చూస్తే నాకు గుండె దడ.

మొన్న దీపావళికి మాకు బహుమతులుగా వచ్చిన ఇంటి తయారీ కొవ్వొత్తులు పదకొండు. ఎవరిచ్చారో చెప్పను, చెప్పే ఉద్దేశమూ లేదు. అన్నీ వంటింటి గట్టు మీద స్టీలు పళ్ళెంలో పెట్టి ఒక్కొక్కటీ కాల్చి చూశాను. నాలుగు బావులు తవ్వుకుని మధ్యలోనే ఆరిపోయాయి. రెండు గోడకి మసి పూశాయి. ఒకటి అసలు అరగంట కూడా నిలబడలేదు. ఒకదాని మీద ఎండిన గులాబీ రేకులు అందంగా అద్దారు. మైనం కరగ్గానే రేకులు తేలుతూ మంట దగ్గరికి వచ్చి అంటుకున్నాయి, ఒక వత్తికి బదులు నాలుగు వత్తులయ్యాయి. ఒకటి మంచినీళ్ళ గ్లాసులో పోసింది, ఆఖర్లో నిలువునా చిట్లింది. పళ్ళెం ఉంది కాబట్టి సరిపోయింది. బాగా వెలిగినవి రెండు. ఆ రెండూ చేసినవాళ్ళకి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాను.

చిట్లిన గ్లాసు మా హాల్లో టీపాయ్ మీద, పక్కన న్యూస్‌పేపర్లు, ఎదురుగా కర్టెన్ ఉన్నప్పుడు చిట్లి ఉంటే? ఆ మంట మీద ఎవరో కంగారులో చెంబుడు నీళ్ళు పోసి ఉంటే? కాగే నూనెలో నీళ్ళు పడితే ఏమవుతుందో వంటింట్లో బతికినవాళ్ళం, మనకి తెలుసు. మండే మైనమూ అంతే, చిమ్ముతుంది. మూత పెట్టి గాలి ఆపాలి. ఆ ఒక్క మాట కూడా ఆ పదకొండింటిలో ఏ డబ్బా మీదా లేదు. "ప్రేమతో చేసినది" అని మాత్రం తొమ్మిదింటి మీద ఉంది.

పైగా మన ఇళ్ళు వేరు. విదేశీ వీడియోల్లో చెప్పే లెక్కలు తలుపులు మూసిన చల్లటి గదుల్లోవి. మనకి నడినెత్తిన ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఆ గాలికి మంట ఒక పక్కకి వాలి, ఆ పక్క గాజునే కాలుస్తుంది, పొగ కూడా ఎక్కువ. డిసెంబరులో కుదిరిన వత్తి మే నెల విజయవాడలో అలాగే ఉంటుందనుకోకండి. గ్లాసుల్లో పోసే సోయా మైనం చాలా రకాలు యాభై డిగ్రీల లోపే కరుగుతాయి. గదే నలభై దాటితే ఇక వత్తికి పని ఏముంది? అందుకే నేను ఎండాకాలంలో ఇంకోసారి కాలుస్తాను. కరెంటు పోయినప్పుడు ఈ అందాల కొవ్వొత్తినే వెలిగించి, కరెంటు వచ్చాక మర్చిపోయి పడుకునేవాళ్ళూ ఉంటారు. మన ఇళ్ళలో అది జరుగుతుంది. చేసేవాళ్ళం మనమే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

నాకు ఎదురయ్యే జవాబుల్లో మొదటిది, "మన అమ్మమ్మలు ఇన్ని టెస్టులు చేశారా?" చేశారండీ! టెస్టు అనే మాట తెలియదంతే. అరిసెల పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ కట్టి, పళ్ళెం మీద కొట్టి చప్పుడు వినేవారు. జంతికల పిండి ముందు ఒక్క చుట్టు నూనెలో వేసి చూసేవారు. ఆవకాయ మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడకుండా ఏ ఇంట్లోనైనా జాడీ కట్టారా? చుట్టాలకి పంపే ఆవకాయ అయితే ఇంకో రెండు రోజులు ఆగేవారు. పాడైతే తిట్టేది మనింట్లోవాళ్ళు కాదు కాబట్టి.

రెండోది ఖర్చు. పరీక్షకి కిలో మైనం తగలేస్తే మిగిలేది ఏమిటి అంటారు. న్యాయమైన ప్రశ్నే, దీని దగ్గర నాకు కోపం లేదు. కానీ ఆ కిలో ఖర్చు ధరలో కలపాలి. కలపకపోవడానికి కారణం మైనం కాదు, మన పని మీద మనకే లేని లెక్క. మనింట్లో దీన్ని "టైంపాస్" అంటారు. మావారు కూడా మొదట్లో అదే మాట అన్నారు, నోట్‌బుక్కు చూశాక మానేశారు. మా అత్తయ్యగారికి ఇప్పటికీ డబ్బు కాలుస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ అన్నదాంట్లో అక్షరం తప్పు లేదు, కాలుస్తున్నది డబ్బే. టైంపాస్ అన్నమాటని మనం కూడా లోపల నమ్మేశాం. వ్యాపారమైతే పరీక్ష ఉండాలి, పరీక్షకి ఖర్చు ఉండాలి, ఖర్చు ధరలో ఉండాలి. యూరప్‌లో కొవ్వొత్తుల అగ్ని భద్రతకే ఇ.ఎన్. 15493 అని విడిగా ప్రమాణం ఉంది, అమెరికాలో ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్2417 ఉంది. సీసం తీగ ఉన్న వత్తుల్ని అమెరికా 2003లో నిషేధించింది. అక్కడ దీన్ని ఎవరూ టైంపాస్ అనుకోలేదు.

కొనేవాళ్ళకీ ఒక మాట. "ఇంట్లో చేసిందేగా, రెండువందలకి ఇవ్వు" అని బేరమాడుతున్నారు చూడండి, ఆ తగ్గించిన వందలో మొదట ఎగిరిపోయేది పరీక్షే. సెంటు తగ్గిస్తే మీకు వెంటనే తెలుస్తుంది, రంగు తగ్గిస్తే తెలుస్తుంది. కాల్చి చూడడం మానేస్తే ఎవరికీ తెలియదు, గ్లాసు చిట్లేదాకా. బేరం ఆడే బదులు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది చివరిదాకా కాల్చావా? ఎన్ని గంటలు వచ్చింది, తూచి చెప్తున్నావా, అందాజుగానా? ఆఖరి గంటలో గ్లాసు ఎంత వేడెక్కింది? ఈ సెంటుతోనే కాల్చావా, ఇంకో సెంటుతోనా? చేసినావిడ నోట్‌బుక్కు తీస్తే అడిగినంత ఇచ్చి కొనండి. "అందరికీ నచ్చిందండీ, ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు" అంటే, కొని అలమారలో అలంకారంగా పెట్టుకోండి. చాలామంది చేస్తున్నది అదే, అందుకే కంప్లైంట్లు రావట్లేదు.

నాకు మల్లె కొవ్వొత్తి కావాలని నలుగురైదుగురు అడిగి ఉన్నారు. ఎనిమిది గ్లాసులూ వంటింటి గట్టు మీదే ఉన్నాయి, ఈరోజుకి ఆరో రోజు. అన్నిటికంటే సన్నవి రెండూ బావి తవ్వేశాయి, లావువి రెండూ మసి పట్టాయి. మధ్యలో రెండు సైజుల్లో చిన్నదే గెలిచేలా ఉంది గానీ ఇంకా వేలెడు మైనం మిగిలి ఉంది. అందుకని ధర ఇప్పుడే అడగకండి.